గోడ మీద బొమ్మ వెలగాలంటే ఓమ్ సూత్రం ఒంటబట్టాలి

ఫెస్ట్ వస్తే గోడల మీద బొమ్మలు వేసే బ్యాచ్ ప్రతి క్యాంపస్‌లోనూ ఉంటుంది. సర్క్యూట్లతో కుస్తీ పట్టే బ్యాచ్ ఇంకోటి. ఈ రెండూ కలిస్తే గోడ మీది బొమ్మ రాత్రిపూట వెలుగుతుంది. తక్కువ ఖర్చులో మంచి ప్రాజెక్టు. కాకపోతే కరెంటు దగ్గర లెక్క తప్పితే ప్రాణాల మీదికి వస్తుంది.

2006లో న్యూయార్క్‌లోని గ్రాఫిటీ రీసెర్చ్ ల్యాబ్ ‘ఎల్‌ఈడీ త్రోయీ’ని జనానికి పరిచయం చేసింది. ఒక ఎల్‌ఈడీ, 3 వోల్టుల బటన్ సెల్, చిన్న అయస్కాంతం, చుట్టడానికి టేపు. అంతే! ఇనుప బోర్డు మీదికి విసిరితే అతుక్కుని వెలుగుతుంది. మరి ఇందులో రెసిస్టర్ ఎందుకు లేదు? ఆ సెల్ లోపలి రెసిస్టెన్సే కరెంటును అదుపులో ఉంచుతుంది కాబట్టి. అయితే విసిరేసి వెళ్లిపోవడం నాకు నచ్చదు. చిన్నపిల్లలు బటన్ సెల్ మింగితే కొన్ని గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోతుంది. ఎన్ని పెట్టారో లెక్కపెట్టి, అన్నీ తిరిగి తెచ్చుకోవాల్సిందే.

అంతకంటే ఆసక్తికరమైనది కరెంటు పారే పెయింట్. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదివినవాళ్లు మొదలుపెట్టిన బేర్ కండక్టివ్ సంస్థ కార్బన్‌తో చేసిన నల్ల రంగును మార్కెట్‌లోకి తెచ్చింది. 50 మైక్రాన్ల మందాన పూస్తే దీని రెసిస్టెన్స్ చదరానికి సుమారు 55 ఓమ్‌లు. చదరం చిన్నదా పెద్దదా అన్నది ముఖ్యం కాదు. గీత పొడవును వెడల్పుతో భాగిస్తే ఎన్ని చదరాలో వచ్చేస్తుంది. 1 సెం.మీ. వెడల్పు, 13 సెం.మీ. పొడవు అంటే 13 చదరాలు, అంటే దాదాపు 715 ఓమ్‌లు. 9 వోల్టుల బ్యాటరీ, 2 వోల్టులు తీసుకునే ఎర్ర ఎల్‌ఈడీ పెట్టారనుకోండి. మిగతా 7 వోల్టులు గీత మీద పడతాయి. కరెంటు సుమారు 10 మిల్లీ ఆంపియర్లు. ఎల్‌ఈడీ హాయిగా వెలుగుతుంది. మీరు గీసిన చెట్టు కొమ్మే ఇక్కడ రెసిస్టర్! చేతిని బట్టి పూత మందం మారుతుంది, అందుకే మల్టీమీటర్‌తో కొలిచాకే బ్యాటరీ తగిలించండి.

ఈ రంగుకు పైన తొడుగేమీ ఉండదు. దీన్ని 230 వోల్టుల లైనుకు కలిపితే గోడ ముట్టుకున్నవాడికి షాకే. తడిసిన ఒంటి రెసిస్టెన్స్ 1000 ఓమ్‌లు అనుకుంటే 230 మిల్లీ ఆంపియర్లు పారతాయి. ఇళ్లల్లో పెట్టే ఆర్‌సీసీబీ 30 దగ్గరే ఎందుకు ట్రిప్ అవుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. అదే 5 వోల్టులైతే 5 మిల్లీ ఆంపియర్లే. అడాప్టర్ వాడితే అది లోపల, తడి తగలనిచోట ఉండాలి. గోడ దాకా వచ్చేది తక్కువ వోల్టేజీ తీగ మాత్రమే. 230 వైపు పని పర్మిట్ ఉన్న వైర్‌మన్‌కే వదిలేయండి. స్తంభం నుంచి కొక్కెం వేయడం అనే మాటే వద్దు. ఫ్లెక్సీ కడుతుంటే ఇనుప ఫ్రేము 11 కేవీ తీగలకు తగిలిందన్న వార్తలు మనకు కొత్త కాదు. నిచ్చెన వేసేముందు ఒకసారి తలెత్తి చూడండి.

తక్కువ వోల్టేజీ కదా అని ధీమా కూడా పనికిరాదు. 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్ మీటరుకు 14.4 వాట్లదైతే 5 మీటర్లకు 72 వాట్లు, అంటే 6 ఆంపియర్లు. సన్నటి తీగ వేడెక్కుతుంది. షాక్ కొట్టకపోయినా నిప్పు అంటుకోవచ్చు. బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ పెట్టండి.

ఇక అనుమతి. 2007 జనవరి 31న అమెరికాలోని బోస్టన్‌లో ఒక కార్టూన్ సినిమా ప్రచారానికి పెట్టిన ఎల్‌ఈడీ బోర్డులను బాంబులనుకున్నారు. రోడ్లు మూసేశారు, బోర్డులు పెట్టిన ఇద్దరిని అరెస్టు చేశారు. చివరికి టర్నర్ బ్రాడ్‌కాస్టింగ్, దాని ప్రచార సంస్థ కలిసి 20 లక్షల డాలర్లు కట్టాయి. తీగలు, బ్యాటరీ కనిపించే పెట్టెను బస్టాండులో చూస్తే మనవాళ్లూ పోలీసులకే ఫోన్ చేస్తారు. కాబట్టి గోడ యజమాని నుంచో ప్రిన్సిపల్ నుంచో రాతపూర్వక అనుమతి తీసుకోండి.

రెజ్యూమెలో ‘లైటింగ్ ఆర్ట్ చేశాను’ అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ ఆగి చదవరు. ఎన్ని వోల్టులు, ఎంత కరెంటు, ఫ్యూజ్ ఎంత, వానకు ఏం చేశారు.. ఇవి రాయండి. లైటింగ్ డిజైన్, ఎంబెడెడ్, సేఫ్టీ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో మాట అక్కడి నుంచే మొదలవుతుంది. సర్క్యూట్ బొమ్మ, మల్టీమీటర్ రీడింగులు, అనుమతి పత్రం ఒకే ఫైల్లో పెట్టి తీసుకెళ్లండి.