రంగు మచ్చా? గుంటా?

పగటిపూట కిటికీ పక్కన నిలబడండి. వెలుగు చెంప మీద ఏటవాలుగా పడేలా చేతి అద్దం పట్టుకోండి. ఎదురుగా పడే ట్యూబులైటు వెలుగులో అసలు సంగతి తేలదు. మొటిమ తగ్గినచోట చర్మం చదునుగానే ఉండి రంగు మాత్రం మారిందా, లేక అంచు నీడ పడి లోతు కనిపిస్తోందా? ఇప్పుడు రెండు వేళ్లతో అక్కడి చర్మాన్ని కాస్త సాగదీయండి. కొన్ని గుంటలు చదునైపోతాయి. కొన్ని మొండికేసి అలాగే ఉంటాయి. స్కిన్ డాక్టరు కూడా మొదట చూసేది దాదాపు ఇదే. ఇది తెలుసుకోకుండా కొనే సీరమ్‌లూ ట్యూబులూ, ముందే డబ్బు కట్టించుకునే ప్యాకేజీలూ చాలావరకు దండగ ఖర్చే.

మారింది రంగు మాత్రమే అయితే సగం బెంగ తీరినట్టే. మొటిమ దగ్గర జరిగిన మంటకు చర్మం మెలనిన్‌ను ఎక్కువగా వదిలిపెడుతుంది. చామనఛాయ చర్మాల్లో ఆ మరక ముదురుగా, మొండిగా ఉంటుంది. అయినా అది గుంట కాదు. కొత్త మొటిమలు ఆగితే నెలల్లో తనంతట తానే పలచబడుతుంది, లోతుగా దిగితే ఏడాది దాటవచ్చు. దాన్ని పోనివ్వకుండా పట్టి ఉంచేది ఎండ. అందుకే సన్‌స్క్రీన్ లేకుండా మచ్చల క్రీము రాయడం గాలికి పోయే పేలపిండే. మామూలు కాంతి కూడా ఈ మరకల్ని ముదర పెడుతుంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన, కాస్త రంగున్న సన్‌స్క్రీన్ మన చర్మానికి మేలు. అజెలాయిక్ ఆసిడ్ లాంటివి ఈ పనిని కొంత వేగిరపరుస్తాయి. ఏమీ రాయకపోయినా వెలిసిపోయే మరకకు చేతిలో ఉన్న క్రీము పేరు రావడం ఈ వ్యాపారానికి పెద్ద వరం.

గుంట సంగతి వేరు. నూనె గ్రంథి ఉన్న రంధ్రం మూసుకుపోయి, లోపల బ్యాక్టీరియా పెరిగి, గోడ పగిలితే ఆ మంట చుట్టూ ఉన్న, చర్మాన్ని నిలబెట్టే కొల్లాజెన్‌ను తినేస్తుంది. మానే క్రమంలో అంత కొల్లాజెన్ మళ్లీ తయారు కాకపోతే పైన చర్మం కుంగుతుంది. మంట ఎన్నాళ్లుంటే నష్టం అంత. పెద్ద చీముగడ్డలే గుంటలు చేస్తాయనుకోవద్దు, చిన్న ఎర్ర పొక్కులూ చేయగలవు. గిల్లడం, పిండడం ఆ గోడను మన చేతులతో మనమే పగలగొట్టుకోవడం. ఇలా పడిన గుంటను ఏ క్రీమూ పూడ్చలేదు.

కాబట్టి గుంటలకు అసలైన వైద్యం అవి పడకముందే చేయాలి. సరిగ్గా అప్పుడే మన ఇళ్లలో వినిపించే మాట: ‘వయసు మొటిమలు, పెళ్లయితే అవే పోతాయిలే.’ లేకపోతే ‘వేడి చేసింది, మజ్జిగ తాగు.’ మజ్జిగ వల్ల నష్టమేమీ లేదు. పోయే రెండు మూడేళ్లే నష్టం. పదో తరగతి పిల్లాడి చెంపల మీద గట్టి ఎర్ర పొక్కులు వస్తుంటే, ఇంట్లో ఎవరికైనా గుంటల చరిత్ర ఉంటే, డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మంచి రోజు చూడక్కర్లేదు. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాస్పత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంది. ప్రైవేటుకు వెళితే బోర్డు మీద ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ లాంటి డిగ్రీ ఉందేమో చూడండి. ‘కాస్మెటాలజిస్ట్’ అని రాసుకున్నంత మాత్రాన సరిపోదు.

మొదటి మందులు పెద్ద ఖరీదేమీ కావు. రాత్రి అడపలీన్ జెల్, దానికి తోడు 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్. శనగగింజంత జెల్ ముఖమంతా పరచాలి. మొటిమ మీద మాత్రమే చుక్క పెడితే రేపు రాబోయేది ఆగదు. మొదటి వారాల్లో చర్మం పొడిబారి పొట్టు లేస్తుంది. చాలామంది అక్కడే మానేస్తారు, ఫలితమేమో 8 నుంచి 12 వారాలకు గానీ కనిపించదు. ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పరు: బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలిన తువ్వాళ్లు, దిండు గలీబులు రంగు వెలిసిపోతాయి. తెల్లవి వాడుకుంటే ఇంట్లో గొడవ ఉండదు.

గట్టి గడ్డలు, గుంటలు పడే రకం అయితే ఐసోట్రెటినాయిన్ మాత్ర వైపు చూడాలి. అమెరికాలో 1982లో అనుమతి పొందిన ఈ మందంత బలంగా మొటిమల్ని అణిచేది మరొకటి లేదు. అయితే కడుపులో బిడ్డకు తీవ్రమైన అవకరాలు తెస్తుంది. వాడుతున్నంత కాలం, ఆపాక నెల వరకు గర్భం రాకూడదు. ఆ సంగతి, లివరు, కొవ్వుల రక్త పరీక్షలు మాట్లాడకుండా చీటీ రాసే చోట కొనకండి.

ఇక మనకున్న పెద్ద తెగులు మెడికల్ షాపు. ‘అన్నా, మొటిమలకు మంచి ట్యూబేదైనా ఇవ్వు’ అంటే చాలు, స్టెరాయిడ్ కలిసిన క్రీము చేతిలో పడుతుంది. నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గి ముఖం తేటపడుతుంది, అదే చిక్కు. రాస్తూ పోతే చర్మం పలచబడుతుంది, రక్తనాళాలు తేలతాయి, అంతా ఒకే సైజు పొక్కులు మూకుమ్మడిగా వస్తాయి. మానేస్తే ముఖం భగ్గున మండుతుంది. 2011లో అచ్చయిన ఒక భారతీయ అధ్యయనంలో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని చూస్తే 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాసుకుంటున్నారు. తెల్లబడాలని రాసినవాళ్లూ, మొటిమలు పోవాలని రాసినవాళ్లూ అందులో ఉన్నారు. 2018లో కేంద్రం 14 రకాల పైపూత స్టెరాయిడ్లను షెడ్యూల్ ‘హెచ్’లోకి తెచ్చింది. చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారా లేదా అన్నది మీ వీధి చివర షాపులో మీరే చూడొచ్చు.

నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్ట్ ముఖాన్ని కాల్చి కొత్త మచ్చలు తెస్తాయి. కొబ్బరినూనె రంధ్రాలు మూస్తుంది.

‘ప్రేమమ్’ (2015)లో మొటిమల చెంపలతోనే తెర మీదికొచ్చిన సాయిపల్లవిని ‘ఫిదా’ (2017)లో భానుమతిగా మనవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. ఆ ముఖాన్ని చూసి ధైర్యం తెచ్చుకున్న అమ్మాయిలు ఎందరో. మొటిమకు సిగ్గుపడక్కర్లేదు, నిజమే. సిగ్గుపడకపోవడం వేరు, డాక్టరుకు చూపించుకోకపోవడం వేరు.

గుంటలు పడ్డాక ఏం చేయాలన్నది వాటి ఆకారం చెబుతుంది. సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా దిగేవాటిని ఐస్‌పిక్ అంటారు. వీటికి 2002లో కొరియా డాక్టర్లు వివరించిన పద్ధతి ఉంది. మొన తేలిన చిన్న చెక్కపుల్లను గాఢమైన ట్రైక్లోరో అసెటిక్ ఆసిడ్‌లో ముంచి గుంట అడుగున మాత్రమే నొక్కుతారు. క్షణాల్లో ఆ చుక్క ఉప్పు పేరినట్టు తెల్లబడుతుంది, కాసేపు చురచుర మంటుంది, తర్వాత పెచ్చు కట్టి రాలిపోతుంది. గుంట అడుగు నుంచి పైకి మానుతుంది. ఆన్‌లైన్లో ఆసిడ్ కొని ఇంట్లో ప్రయత్నించేవాళ్ల ముఖాలు చూస్తే ఇది ఎందుకు చేయకూడదో అర్థమవుతుంది.

సాగదీస్తే చదునయ్యే వెడల్పాటి అలల్లాంటివి రోలింగ్ గుంటలు. కింద తంతువులు చర్మాన్ని లోపలికి లాగి కట్టేస్తాయి. న్యూయార్క్‌లో ఓరెంట్రైక్ తండ్రీకొడుకులు 1995లో ప్రకటించిన సబ్‌సిషన్‌లో మత్తు ఇచ్చి, చర్మం కిందికి సూది పంపి అటూఇటూ ఆడిస్తారు. తంతువులు తెగుతుంటే పుటుక్కు పుటుక్కుమని డాక్టరు చేతికి తెలుస్తుంది, పేషెంటుకూ వినిపిస్తుంది. వారం పది రోజులు చెంప కమిలి ఉంటుంది. నిలువు అంచుల బాక్స్‌కార్ గుంటలకు మైక్రోనీడ్లింగ్, 2004లో మొదలైన ఫ్రాక్షనల్ పద్ధతి లేజర్లు, మరీ లోతైతే ఆ ముక్కను కోసి కుట్టడం. గదవ మీద, భుజాల మీద ఉబ్బే కీలాయిడ్లకు దారి వేరు, వాటిలోకి ఇంజెక్షనే మొదట.

చాలా ముఖాల్లో ఈ మూడు రకాలూ కలిసే ఉంటాయి. అందుకే ముఖం చూడకముందే ‘ఆరు సిట్టింగుల లేజర్ ప్యాకేజీ’ చెప్పేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు. మన రంగు చర్మం మీద లేజర్ కాస్త ఎక్కువైతే గుంట తగ్గినా నల్ల మరక మిగులుతుంది. కొత్త కొల్లాజెన్ పేరుకోవడానికి ప్రతి విడతకూ నెలలు పడుతుంది. విడతకూ విడతకూ మధ్య 4 నుంచి 6 వారాలు ఆగాలి. పూర్తయ్యాక గుంటలు బాగా తగ్గుతాయి, చెరిగిపోవు.

చాలామంది క్లినిక్‌కు వచ్చేది మాత్రం పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాకే. నెల రోజులే ఉంటే లేజర్ జోలికి పోవద్దు. ఎండ తగలకుండా చూసుకుని, కొత్త మొటిమలు రాకుండా మందు వాడి, ఫొటోగ్రాఫర్‌తో ఎదురు వెలుగు పెట్టమని చెప్పుకుంటే చాలు. గుంటల పని ఆషాఢానికి పెట్టుకోండి. కొత్త పెళ్లికూతురు ఎలాగూ పుట్టింట్లోనే ఉంటుంది, మబ్బు పట్టి ఎండా తక్కువే.