పోలీసు కెమెరాలు – పౌరుల ప్రశ్నలు

శిడ్లఘట్ట తాలూకాలోని దిబ్బూరహళ్ళి ప్రాంతంలోనూ, బాగేపల్లి, చింతామణి తాలూకాలలోనూ అనేక కుటుంబాలకు ఇంటి భాష తెలుగు, కచేరీ భాష కన్నడం. ఆ ఊళ్ళ నుండి వ్యాపారానికో, కూలిపనికో, పిల్లల చదువుకో పట్టణాలకు, బెంగళూరు నగరానికి వచ్చి స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. బస్సు దిగిన చోట ఒక కెమెరా, సంత ద్వారం వద్ద మరొకటి, అద్దె ఇల్లున్న వీధి మలుపులో ఇంకొకటి వీరిని చూస్తూ ఉంటాయి. దొంగతనం జరిగినప్పుడు, బిడ్డ తప్పిపోయినప్పుడు, వాహనం గుద్ది ఆగకుండా వెళ్ళిపోయినప్పుడు ఈ కెమెరాలు చేసే మేలు తక్కువది కాదు. అయితే ఆ దృశ్యాలను ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళు భద్రపరుస్తారు, పొరపాటు జరిగితే ఎవరిని అడగాలి అనే విషయాలు మనలో చాలామందికి తెలియవు. వాటిని అడిగే అధికారాన్ని చట్టమే పౌరునికి ఇచ్చింది. ఆ అధికారం ఎక్కడ నుండి వచ్చింది, దానిని ఎలా వినియోగించుకోవాలి అన్నది ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

గోప్యత ప్రాథమిక హక్కు

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యం వేసిన కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. ప్రభుత్వం ఈ హక్కులో జోక్యం చేసుకోవలసి వస్తే ఆ జోక్యాన్ని కొన్ని కొలమానాలతో పరీక్షించాలని తీర్పు నిర్దేశించింది. జోక్యానికి ఆధారంగా ఒక చట్టం ఉండాలి. దాని ఉద్దేశం న్యాయసమ్మతమైనదై ఉండాలి. ఆ ఉద్దేశానికి ఎంత అవసరమో అంతకు మించి జోక్యం ఉండరాదు. దుర్వినియోగాన్ని అరికట్టే ఏర్పాట్లు ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాము. గొలుసు దొంగతనాలు జరిగే వీధిలో రహదారి వైపు కెమెరా పెట్టడం న్యాయమైన ఉద్దేశమే. అదే కెమెరా ఒక ఇంటి గుమ్మం వైపు తిరిగి ఉండి, ఆ ఇంటికి ఎవరు వస్తున్నారో, ఎవరు వెళ్తున్నారో నెలల తరబడి నమోదు చేస్తూ ఉంటే అది అవసరాన్ని మించిపోతుంది. పరికరం ఒకటే అయినా, దాన్ని వాడే పద్ధతిని బట్టి న్యాయాన్యాయాలు మారుతాయి.

పోలీసు స్టేషనులోని కెమెరా

కెమెరా ప్రజలను మాత్రమే చూడదు. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు దేశంలోని ప్రతి పోలీసు స్టేషనులో సీసీ కెమెరాలు ఉండాలని ఆదేశించింది. రాకపోకల ద్వారాలు, లాకప్పులు, వరండాలు, అధికారుల గదులు అన్నీ వాటి పరిధిలోకి రావాలి. రాత్రివేళ కూడా దృశ్యం కనిపించాలి, మాటలు కూడా నమోదు కావాలి. ఆ దృశ్యాలను 18 నెలలు, అది సాధ్యం కానిచోట కనీసం ఒక సంవత్సరం భద్రపరచాలి. కెమెరాలు పనిచేసేలా చూసే బాధ్యత స్టేషను అధికారిది. ఈ ఆదేశం దిబ్బూరహళ్ళి స్టేషనుకూ, బెంగళూరు నడిబొడ్డున ఉన్న స్టేషనుకూ సమానంగా వర్తిస్తుంది.

పర్యవేక్షణకు జిల్లా స్థాయిలో ఒక సంఘం ఉండాలని కూడా తీర్పు చెప్పింది. అందులో జిల్లాధికారి, ఎస్పీలతో పాటు పట్టణాలలోనైతే మేయరుకు, గ్రామీణ ప్రాంతాలలోనైతే జిల్లా పంచాయతీ అధిపతికి స్థానం కల్పించింది. పోలీసుల యంత్రాలను పరిశీలించే చోట ప్రజల ప్రతినిధికి కూడా కుర్చీ వేసిన తీర్పు ఇది.

ఆదేశించినంత మాత్రాన పని పూర్తి కాదు. స్టేషన్లలో పనిచేసే కెమెరాలు లేవన్న విషయాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తనంతట తానుగా విచారణకు స్వీకరించవలసి వచ్చింది. స్థానికులు గమనించి అడుగుతూ ఉంటేనే ఇలాంటి ఆదేశం అమలులో నిలుస్తుంది.

ఈ తీర్పులో భాషకు సంబంధించిన అంశం కూడా ఒకటి ఉంది. కెమెరాలు ఉన్నాయని, హక్కులకు భంగం కలిగితే మానవ హక్కుల కమిషనుకు, న్యాయస్థానానికి, ఎస్పీకి ఫిర్యాదు చేయవచ్చని తెలిపే పెద్ద బోర్డు స్టేషను ద్వారం వద్దా, లోపలా ఉండాలి. అది ఇంగ్లీషు, హిందీ, స్థానిక భాషలలో ఉండాలి. కర్ణాటకలో స్థానిక భాష అంటే అధికారికంగా కన్నడమే. తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లి తన కొడుకు కోసం స్టేషనుకు వచ్చినప్పుడు ఆ బోర్డు ముందే నిలబడినా, తనకు ఏ హక్కు ఉన్నదో ఆమెకు తెలియదు. తెలుగు బోర్డు తప్పనిసరి అని తీర్పు చెప్పలేదు, వద్దని కూడా చెప్పలేదు. తెలుగువారు ఎక్కువగా ఉన్న చోట ఒక తెలుగు పంక్తి చేర్చమని జిల్లా సంఘాన్ని కోరడం సమంజసమైన వినతి.

హైదరాబాదు అనుభవం

పోలీసు సాంకేతికతలో ప్రజల భాగస్వామ్యం అనగానే తెలుగువారికి హైదరాబాదు గుర్తుకు వస్తుంది. జనం ఎక్కువగా గుమిగూడే సంస్థలు కెమెరాలు పెట్టుకోవాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే చట్టం వచ్చింది. కర్ణాటకలో ఇటువంటి చట్టం 2017లో వచ్చింది. హైదరాబాదులో ‘నేను సైతం’ అనే పేరుతో కాలనీవాసులు, వ్యాపారులు సొంత డబ్బుతో కెమెరాలు పెట్టించి పోలీసులకు తోడ్పడ్డారు. నేరాల పరిశోధనలో ఆ కెమెరాలు ఉపయోగపడ్డాయి కూడా.

2018లో తెలంగాణ పోలీసుల చేతిఫోనులోని ‘టీఎస్‌కాప్’ యాప్‌కు ముఖాన్ని గుర్తించే సదుపాయం తోడైంది. 2021 మేలో, లాక్‌డౌను రోజులలో, పోలీసులు తనను ఆపి, మాస్కు తీయించి, తన సమ్మతి లేకుండా ఫోటో తీశారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ఆరోపించారు. ఏ చట్టం ప్రకారం తీశారు, ఆ ఫోటో ఎక్కడ ఉంది అని ఆయన అడిగారు. తర్వాత తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం వేశారు. 2022 జనవరిలో న్యాయస్థానం రాష్ట్ర ప్రభుత్వానికి నోటీసు జారీ చేసింది.

ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూస్తే భేదం తెలుస్తుంది. కెమెరాకు చందా ఇవ్వడం ఒక రకమైన భాగస్వామ్యం. ఆ కెమెరా వెనుక ఏ యంత్రం చేరుతున్నది, దాని నియమాలేమిటి అని ముందుగా అడిగి తెలుసుకోవడం అంతకన్నా ముఖ్యమైన భాగస్వామ్యం. మొదటిది జరిగి రెండవది జరగనప్పుడు, ప్రశ్న కోర్టు గడప వద్ద తేలవలసి వస్తుంది.

ముఖాన్ని గుర్తించే యంత్రం ‘ఇతడే’ అని ఖాయంగా చెప్పదని కూడా గుర్తుంచుకోవాలి. రెండు ముఖాల మధ్య ఎంత పోలిక ఉన్నదో శాతంలో చెబుతుంది, అంతే. ఎంత శాతాన్ని సరిపోలికగా తీసుకోవాలో మనుషులే నిర్ణయిస్తారు. 80 శాతం దాటిన పోలికను తాము సరిపోలికగా పరిగణిస్తామని ఢిల్లీ పోలీసులు 2022లో సమాచార హక్కు చట్టం కింద అడిగిన ప్రశ్నకు సమాధానంగా తెలిపారు. ఎవరో ఒకరు అడిగారు కనుకనే ఆ అంకె బయటికి వచ్చింది.

ముందుగా అడిగే పద్ధతి

కొనకముందే ప్రజలను సంప్రదించే పద్ధతికి అమెరికాలోని ఓక్లండ్ నగరం ఒక ఉదాహరణ. నగరమంతటి కెమెరాలను, ఇతర పరికరాలను ఒకే కేంద్రానికి కలపాలన్న ప్రతిపాదనపై అక్కడి నివాసులు 2013, 2014 సంవత్సరాలలో తీవ్రమైన అభ్యంతరాలు తెలిపారు. నగర మండలి ఆ ప్రతిపాదనను ఓడరేవు ప్రాంతానికి పరిమితం చేసింది. 2016లో పౌరులతో కూడిన గోప్యతా సలహా సంఘం ఏర్పడింది. 2018లో వచ్చిన నగర శాసనం ప్రకారం, పోలీసులు కొత్త నిఘా పరికరం కోరినప్పుడు దాని ప్రభావాన్ని, వాడుక నియమాలను రాతపూర్వకంగా వివరించాలి. వాటిని బహిరంగంగా చర్చించిన తర్వాతే నగర మండలి అనుమతి ఇస్తుంది. ఆ పరికరాన్ని ఎలా వాడారో ఏటా నివేదిక ఇవ్వాలి. ఈ పద్ధతి వల్ల పోలీసులు పరికరాలను కోల్పోరు. నియమాలు ముందే స్పష్టమైతే వారి పనిపై ప్రజలకు నమ్మకం కూడా పెరుగుతుంది.

మనం అడగవలసిన ఆరు ప్రశ్నలు

మీ వీధిలోనో, సంతలోనో, బస్‌స్టాండులోనో కొత్త ఏర్పాటు జరుగుతున్నదని తెలిసినప్పుడు ఈ ప్రశ్నలను రాసిపెట్టుకొనండి.

1. ఇది ఏ సమస్య కోసం? ఆ సమస్యకు ఇంతకన్నా సులువైన పరిష్కారం ఉన్నదా?
2. దీనికి ఆధారమైన చట్టం లేదా ఉత్తర్వు ఏది?
3. దృశ్యాలను ఎవరు చూడగలరు? ఎన్ని రోజులు ఉంచుతారు?
4. ముఖాన్ని గుర్తించే యంత్రం దీనికి జోడించారా? ఎంత శాతాన్ని సరిపోలికగా తీసుకుంటారు?
5. పొరపాటున ఒకరిని ఆపితే, సరిదిద్దే అధికారి ఎవరు?
6. ఈ సమాచారాన్ని ప్రజలు చదవగలిగే భాషలో ఎక్కడ ఉంచారు?

ఎక్కడ అడగాలి

గ్రామంలోనైతే గ్రామసభ, నగరంలోనైతే వార్డు సమితి మొదటి వేదిక. బెంగళూరు నగర పోలీసులు ‘మాసిక జనసంపర్క దివస’ పేరుతో స్టేషన్లలో సమావేశాలు నిర్వహిస్తున్నారు. అక్కడ నేరాల గురించే కాక కెమెరాల గురించి కూడా అడగవచ్చు.

నోటిమాటకు సమాధానం రానప్పుడు 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. సాధారణంగా 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. ఒకరి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటలలో ఇవ్వాలి. అర్జీని ఇంగ్లీషులో, హిందీలో లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో రాయాలి. కన్నడం రాయలేనివారు ఇక్కడే వెనుకడుగు వేస్తుంటారు. రాయలేనివారు నోటితో చెప్పినదానిని రాతలో పెట్టుకోవడానికి సమాచార అధికారి తోడ్పడాలని అదే చట్టంలోని 6వ సెక్షను చెబుతున్నది. అది అధికారి విధి, మనకు చేసే ఉపకారం కాదు. ప్రజలపై ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలను రూపొందించేటప్పుడు సంబంధిత వివరాలను తామే ప్రకటించాలని 4వ సెక్షను ప్రభుత్వ సంస్థలను ఆదేశిస్తున్నది. పోలీసుల ప్రవర్తనపై ఫిర్యాదులను వినడానికి రాష్ట్ర, జిల్లా స్థాయిలలో ప్రాధికారాలు ఉండాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది.

దుకాణం, హోటలు, వసతిగృహం నడుపుతున్న తెలుగువారికి ఒక మనవి. మీ కెమెరా కూడా ఇతరులను చూస్తున్నది. దానిని మీ ద్వారం వరకే తిప్పి ఉంచండి, ఎదురింటి కిటికీ వైపు కాదు. పోలీసులు దృశ్యాలు అడిగినప్పుడు సహకరించండి. ఏ తేదీ దృశ్యాన్ని ఎవరికి, ఎప్పుడు ఇచ్చారో ఒక పుస్తకంలో రాసి సంతకం తీసుకొనండి.

ఈసారి ఏ పని మీదనైనా స్టేషనుకు వెళ్ళినప్పుడు ద్వారం వద్ద ఆ బోర్డు ఉన్నదేమో చూడండి. ఉంటే, చదవలేని తోటివారికి దానిలో ఏముందో తెలుగులో చెప్పండి. లేకపోతే, ఎందుకు లేదని మర్యాదగా అడగండి.