ఒకటి రెండవుతుంది, రెండు ఒకటవుతాయి

నాటు వేసేటప్పుడు వరినారు జానెడు ఉంటుంది. మూడు నెలలు తిరిగేసరికి నడుము ఎత్తు పెరుగుతుంది. పుట్టినప్పుడు బిడ్డ బరువు ఇంచుమించు మూడు కిలోలు. పెరిగి పెద్దయ్యేసరికి యాభై కిలోలు దాటుతుంది. కోతలో కొడవలి తగిలి వేలు తెగుతుంది. వారం పది రోజుల్లో ఆ గాయం పూడుతుంది. వరి ఎలా పెరిగింది? బిడ్డ ఎలా పెరిగింది? తెగిన చోట కొత్త చర్మం ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఒకటే. కణాలు.

ఇటుకలు పేర్చి ఇల్లు కట్టినట్టు మన ఒళ్ళు కణాలతో కట్టి ఉంది. చెట్టూ అంతే, గొర్రే అంతే. కణం చాలా చిన్నది. మామూలు కంటికి కనపడదు. సూక్ష్మదర్శిని అనే పరికరంలో చూడాలి. అయితే ఇటుకకూ కణానికీ ఒక తేడా ఉంది. ఇటుక తనంతట తాను రెండు ఇటుకలు కాలేదు. కణం మాత్రం రెండు కణాలవుతుంది. ఆ రెండూ నాలుగవుతాయి. నాలుగు ఎనిమిదవుతాయి. తల్లి కడుపులో మనమందరం మొదలయింది ఒక్క కణంతోనే.

కణంలో ఏముంది?

కణం నడుమ గుండ్రంగా ఒక భాగం ఉంటుంది. దాన్ని కేంద్రకం అంటారు. అందులో సన్నని పోగులు ఉంటాయి. వాటి పేరు క్రోమోజోములు. బిడ్డ రంగు, ఎత్తు, జుట్టు, ముక్కు తీరు ఎలా ఉండాలో ఆ పోగుల్లో రాసి ఉన్నట్టే. మనిషి కణంలో 46 పోగులు ఉంటాయి. ఇవి 23 జతలు. ప్రతి జతలో ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఆవు కణంలో 60, గొర్రె కణంలో 54, వరి కణంలో 24, నిమ్మ కణంలో 18 ఉంటాయి.

మొదటి రకం విభజన

కణం రెండుగా చీలేముందు పెద్ద పని ఒకటి చేస్తుంది. ప్రతి పోగుకూ అచ్చం అలాంటిదే ఇంకో పోగు తయారు చేసుకుంటుంది. పాతదీ కొత్తదీ ఒక చోట అతుక్కుని ఉంటాయి. తర్వాత పోగులు చుట్టుకుని లావవుతాయి. కేంద్రకం చుట్టూ ఉన్న పొర కరిగిపోతుంది. పోగులన్నీ కణం నడుమ వరసగా నిలబడతాయి. సన్నని దారాలు వచ్చి అతుక్కున్న రెంటినీ విడదీస్తాయి. ఒకదాన్ని ఈ కొసకు, ఒకదాన్ని ఆ కొసకు లాగుతాయి. రెండు కొసల్లో రెండు కేంద్రకాలు ఏర్పడతాయి. ఆఖరున జంతువుల కణమయితే నడుము దగ్గర నొక్కుకుపోయి రెండవుతుంది. చెట్టు కణమయితే నడుమ గోడ లేస్తుంది.

ఇప్పుడు రెండు కణాలు వచ్చాయి. రెంటిలోనూ 46 పోగులే. తల్లి కణం ఎట్టా ఉందో పిల్ల కణాలూ అట్టాగే ఉన్నాయి. అందుకే దీన్ని సమవిభజన అంటారు. జర్మనీ శాస్త్రవేత్త వాల్టర్ ఫ్లెమింగ్ దీన్ని సూక్ష్మదర్శినిలో గమనించి 1882లో పుస్తకం రాశాడు.

మన ఒంట్లో ఈ పని రాత్రీ పగలూ ఆగదు. ఎముకల లోపలి మూలుగలో ప్రతి సెకనుకూ దాదాపు 20 లక్షల ఎర్ర రక్తకణాలు తయారవుతాయి. ఎర్ర కణం ఆయుష్షు నాలుగు నెలలే. పోయినవాటి చోటుకు కొత్తవి రావాలి కదా!

కలువాయి, రాపూరు, పొదలకూరు పక్క నిమ్మతోటలు ఉన్నాయి. నిమ్మకొమ్మకు అంటు కడితే కొన్నాళ్ళకు వేరు వస్తుంది. ఆ మొక్క పెరిగి తల్లిచెట్టు కాయలాంటి కాయే కాస్తుంది. ఎందుకు? కొమ్మ కణాలు సమవిభజనతో పెరిగాయి. పోగులు మారలేదు. కాబట్టి కాయా మారలేదు.

రెండవ రకం విభజన

బిడ్డ పుట్టాలంటే తల్లి నుంచి ఒక కణం, తండ్రి నుంచి ఒక కణం వచ్చి కలవాలి. ఒక్కొక్క దానిలో 46 పోగులు ఉంటే బిడ్డకు 92 అవుతాయి. మనుమడికి 184 అవుతాయి. అట్లా కుదరదు. అందుకని అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు పోగుల లెక్క సగం కావాలి. ఈ పద్ధతిని క్షయకరణ విభజన అంటారు. క్షయం అంటే తగ్గడం.

ఇందులో కణం వరసగా రెండుసార్లు చీలుతుంది. ముందు తల్లి పోగు, తండ్రి పోగు జతగా పక్కపక్కకు చేరతాయి. కొన్ని ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటాయి. మొదటి చీలికలో జతలు విడిపోతాయి. రెండవ చీలికలో అతుక్కున్న పోగులు విడిపోతాయి. ఆఖరుకు నాలుగు కణాలు వస్తాయి. ఒక్కొక్క దానిలో 23 పోగులే ఉంటాయి. మగవారిలో నాలుగూ వీర్యకణాలవుతాయి. ఆడవారిలో ఒక్కటే అండమవుతుంది. మిగతావి చిన్నవిగా ఉండి నశిస్తాయి.

తల్లి 23, తండ్రి 23 కలిస్తే మళ్ళీ 46. లెక్క సరిపోయింది.

23 జతల్లో ఏ జత నుంచి ఏది వస్తుందో చెప్పలేం. ముక్కల మార్పిడిని పక్కన పెట్టినా ఒక మనిషి నుంచి దాదాపు 84 లక్షల రకాల కలయికలు రావచ్చు. అందుకే ఒక తల్లి బిడ్డలే అయినా ఒకరు తెలుపు, ఒకరు చామనచాయ. ఒకే గొర్రెకు పుట్టిన పిల్లలు కూడా ఒక్క తీరున ఉండవు.

కంచరగాడిదకు పిల్లలు ఎందుకు పుట్టవో కూడా ఇందులోనే ఉంది. గుర్రానికి 64 పోగులు, గాడిదకు 62. ఆ రెంటికీ పుట్టిన కంచరగాడిదకు 63. గుర్రం పోగులూ గాడిద పోగులూ సరిగా జతపడవు. క్షయకరణ విభజన సాగదు. కాబట్టి దాదాపు ఎప్పుడూ దానికి సంతానం ఉండదు.

ఆడపిల్ల పుడితే తప్పు ఎవరిది?

23 జతల్లో ఒక జత ఆడా మగా తేల్చేది. ఆడవారిలో ఆ జత ఎక్స్, ఎక్స్. మగవారిలో ఎక్స్, వై. తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ మాత్రమే ఉంటుంది. ఆమె దగ్గర వై లేనే లేదు. తండ్రి వీర్యకణాల్లో సగం ఎక్స్‌వి, సగం వైవి. ఎక్స్ వచ్చి కలిస్తే ఆడపిల్ల. వై వచ్చి కలిస్తే మగపిల్లవాడు.

ఈ సంగతి 1905లో నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికా శాస్త్రవేత్త పిండిపురుగుల కణాల్లో చూసి చెప్పింది. ఆమె స్త్రీ. టీచరుగా పనిచేసి, 35 ఏళ్ళ వయసులో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి చదువుకుంది. చదువుకు వయసు అడ్డం కాదని ఆమె చూపించింది.

మరి ఆడపిల్లను కన్నదని కోడలిని సాధించడం, పుట్టింటికి పంపడం, మగబిడ్డ కోసం రెండో పెళ్ళి చేసుకోవడం న్యాయమా? లేనిదాన్ని ఆమె ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తుంది? అట్లాగని తండ్రినీ తిట్టే పని లేదు. ఏ కణం ముందు చేరాలో అతని చేతిలోనూ లేదు. నాణెం ఎగరేసినట్టే. ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు కాబట్టి నాలుగోసారి మగబిడ్డే అనే లెక్క లేదు. ప్రతిసారీ అవకాశం ఇంచుమించు సగం సగమే. తాయెత్తులతో, మందులతో అది మారదు. కడుపులో బిడ్డ ఆడో మగో స్కానింగులో చెప్పడం, చెప్పించుకోవడం 1994లో చేసిన చట్టం ప్రకారం నేరం.

మేత ఉండాలి, అదుపూ ఉండాలి

కణం కొత్త పోగులు తయారు చేసుకోవాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. ఇది ఒక విటమిను. ఆకుకూరల్లో, పప్పుల్లో, శనగల్లో ఉంటుంది. కడుపులో బిడ్డ కణాలు గబగబా చీలుతుంటాయి. మెదడు, వెన్నుపాముకు మూలమైన గొట్టం మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అందుకే గర్భం రాకముందు నుంచే ఈ విటమిను అందాలి. గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఆరోగ్య ఉపకేంద్రంలో ఊరికే ఇస్తారు. వాటిని గూట్లో పెట్టి మరిచిపోకూడదు.

కణాలు అదుపు లేకుండా చీలుతూ పోతే అది క్యాన్సర్. మన తెలుగువాడు, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు దీని మీద పనిచేశారు. అమెరికాలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. ఆ ఆమ్లం పనిని అడ్డుకునే మందునూ తయారు చేసింది. మేత అందకపోతే కణం చీలలేదు కదా! బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు 1947లో ఆ మందును రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చాడు. కొందరికి కొన్నాళ్ళపాటు జబ్బు తగ్గింది. సుబ్బారావు గారు 1948లో చనిపోయారు. ఆ జాతి మందు మెథోట్రెక్సేట్‌ను డాక్టర్లు ఈనాటికీ వాడుతున్నారు.

నోట్లో పుండు మూడు వారాలయినా మానకపోయినా, రొమ్ములో గడ్డ తగిలినా దాచుకోవద్దు. వెంటనే డాక్టరుకు చూపించాలి. పొగాకు, చుట్ట, బీడీ, గుట్కా మానాలి.

కొత్త మాటలు
కణం - ఒంటికి ఇటుక లాంటిది
క్రోమోజోము - కణంలోని పోగు
సమవిభజన - పోగుల లెక్క మారని చీలిక
క్షయకరణ విభజన - పోగుల లెక్క సగమయ్యే చీలిక

కూర్చుని మాట్లాడుకోండి
1. వేలు తెగితే ఏ రకం విభజనతో మానుతుంది?
2. అండంలో 23 పోగులే ఎందుకు ఉండాలి?
3. మీ ఊళ్ళో ఆడపిల్లలను కన్నందుకు మాట పడిన వాళ్ళు ఉన్నారా? వాళ్ళ అత్తమామలకు ఈ పాఠం ఎవరు చదివి వినిపిస్తారు?