ఒక్కరే ఎనిమిది పనులా? ఎనిమిది మంది ఒకే పనా?

పదకొండో తరగతిలో పైథాన్ చదువుతున్న ఒకమ్మాయి మొన్న లైబ్రరీలో నన్నడిగింది: "మేడమ్, పారలల్, అసింక్రనస్ రెండూ ఒకటే కదా? పనులన్నీ ఒకేసారి చేయడమే కదా!" తెలుగు టీచర్ని అడగాల్సిన ప్రశ్నేనా అని నవ్వొచ్చింది. కానీ జవాబు తెలుగులోనే దొరికింది.

అష్టావధానం చూశారా? వసంత్ కుంజ్‌లో పెరుగుతున్న మీలో చాలామంది చూసి ఉండరు. అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఇంకొకరు నిషిద్ధాక్షరి. అప్రస్తుత ప్రసంగం చేసేవారు మధ్యమధ్య అడ్డు తగులుతారు. అవధాని ఒకరి పద్యం పూర్తిచేశాకే రెండోవారి దగ్గరికి వెళ్దామనుకోరు. ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెబుతూ సాగుతారు. అలా నాలుగు ఆవృత్తాలు. చివర ధారణలో పద్యాలన్నీ అప్పజెబుతారు. బుర్ర ఒక్కటే. పనులు ఒకే క్షణంలో జరగవు, ఏదీ ఆగిపోదు కూడా. అసింక్రనస్ అంటే ఇదే. ప్రోగ్రాం ఒక వెబ్‌సైటును సమాచారం అడిగి, జవాబొచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోదు. ఎక్కడ ఆపిందో గుర్తుపెట్టుకుని ఇంకో పని అందుకుంటుంది. పైథాన్‌లో 'అసింక్', 'అవెయిట్' అనే మాటలు 2015లో 3.5 వెర్షన్‌తో వచ్చాయి.

పారలల్ మన పక్కనే నోయిడాలో ఉంది. అక్కడి జాతీయ వాతావరణ అంచనా కేంద్రానికి 2018లో 'మిహిర్' అనే సూపర్ కంప్యూటర్ వచ్చింది. దాని సామర్థ్యం 2.8 పెటాఫ్లాప్స్, అంటే సెకనుకు సుమారు 2,800 లక్షల కోట్ల లెక్కలు. ఇలాంటి యంత్రాల్లో ఆకాశాన్ని గళ్ళుగా కోసి వేల ప్రాసెసర్లకు పంచుతారు. ఇక్కడ నిజంగానే అన్నీ ఒకే క్షణంలో పనిచేస్తాయి.

మరి ఏది ఎంచుకోవాలి? ఒక ఊళ్ళో బదిలీ అయినప్పుడు గ్యాస్ కనెక్షన్ కాగితం కోసం రోజంతా కౌంటరు దగ్గరే కూర్చున్నాను. ఇంట్లో ఒక్క పెట్టె కూడా సర్దలేదు. నాతో ఇంకో నలుగురు కూర్చున్నా ఆ కాగితం ముందుగా రాదు. దరఖాస్తు ఇచ్చి ఇంటికొచ్చి పెట్టెలు కట్టుకోవాల్సింది. అదే పుస్తకాల బీరువా ఖాళీ చేయాలంటే నలుగురి చేతులు కావాలి. కాలం ఎదురుచూపులో పోతుంటే అసింక్రనస్, శ్రమలో పోతుంటే పారలల్.

రెండింటికీ చిక్కులున్నాయి. ఒక్క పృచ్ఛకుడు అవధానిని పెద్ద లెక్కలో దింపితే మిగతా ఏడుగురూ ఆగిపోతారు. అసింక్ ప్రోగ్రాంలో బరువైన లెక్క పెట్టినా అంతే. పారలల్‌కి వస్తే, పనిలో పదోవంతు ఒకరే వరసగా చేయాల్సిందైతే, వెయ్యి మందిని పెట్టినా వేగం పది రెట్లు దాటదని 1967లో జీన్ ఆమ్‌డాల్ చూపిన లెక్క చెబుతుంది. బీరువా తాళంచెవి ఒక్కటే ఉంటే నలుగురూ నిలబడాల్సిందేగా!

ఆ అమ్మాయి ప్రాజెక్టు ఇరవై ఊళ్ళ ఉష్ణోగ్రతలు నెట్ నుంచి తేవడం. "అయితే అసింక్ చాలు మేడమ్" అంది. వార్షికోత్సవం ఫోటోలు వందలకొద్దీ చిన్నవి చేసే పని కూడా తనదేనట. దానికి మాత్రం 'మల్టీప్రాసెసింగ్' వాడతానంటూ లేచి వెళ్ళిపోయింది.