జైలునుండి వచ్చినవానికి ఓటు కలదా?

కొవ్వూరు రేవునుండి చూచినచో గోదావరికి ఆవలి ఒడ్డున రాజమహేంద్రవరము కానవచ్చును. అచ్చటి సెంట్రల్ జైలులో శిక్ష ముగించుకొని, వంతెన దాటి ఈవలి గ్రామములకు తిరిగివచ్చు వారుందురు. అట్టివాడు ఊరిలో అడుగుపెట్టగనే, "జైలుకు పోయివచ్చినవానికి ఇంక ఓటెక్కడిది?" అను మాట రచ్చబండ వద్ద బయలుదేరును. అతడును అది నిజమని నమ్మి పోలింగునాడు ఇంటనే కూర్చుండును. ఈ మాట పొరపాటు. చట్టమేమి చెప్పుచున్నదో పంచాయతీ సభ్యులకు విశదపరుపదలచినాము.

రాజ్యాంగము 326వ అధికరణము వయోజనులందరికిని ఓటు హక్కు నిచ్చినది. 21 ఏండ్ల వయోపరిమితి 1989లో 18కి తగ్గినది. నేరము కారణముగా ఈ హక్కును తొలగించుటకు శాసనసభలు చట్టము చేయవచ్చునని ఆ అధికరణములోనే కలదు. అయినను మన పార్లమెంటు 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 62వ సెక్షనులో విధించిన నిషేధము మితమైనది. జైలులోగాని పోలీసు నిర్బంధములోగాని ఉన్నంతకాలమే ఓటు వేయరాదు. హత్యానేరమునకు యావజ్జీవ శిక్ష అనుభవించి విడుదలయైనవాడు సైతము మరునాడే ఎన్నిక జరిగినచో ఓటు వేయవచ్చును. అందులకు ఏ అధికారి ఉత్తరువును అక్కరలేదు. జాబితాలో పేరుండిన చాలును.

చిక్కంతయు ఆ జాబితాలోనే ఉన్నది. మనిషి రెండు మూడేండ్లు ఊరిలో కానరాకపోయినచో "ఇచ్చట లేడు" అని పేరు కొట్టివేయించు వారుందురు. జైలును ఖైదీ నివాసస్థలముగా ఎంచరాదని 1950 నాటి చట్టము చెప్పుచున్నది. జైలులో ఓటు వేయలేకపోయినంత మాత్రమున అతడు ఓటరు కాకపోడని 2013లో చేసిన సవరణ మరింత స్పష్టము చేసినది. 7వ నమూనా ఫారముపై తెలిసి తెలిసి అబద్ధము వ్రాసి ఒకని పేరు తీసివేయ గోరినవారికి ఒక ఏడాదివరకు జైలుశిక్ష పడవచ్చును. గ్రామ పంచాయతీ ఓటర్ల జాబితాయు శాసనసభ జాబితానుండియే తయారగును గనుక, అచ్చట పేరు పోయినవానికి సర్పంచి ఎన్నికలోను ఓటుండదు.

ఇంకొక విషయము మాకును కొంత వింతగానే తోచుచున్నది. నేరము రుజువు కాక, జామీనుదారు దొరకక జైలులో ఉన్న బీదవాడు ఓటు వేయజాలడు. శిక్షపడి అప్పీలు చేసి జామీనుపై బయట తిరుగువాడు వేయవచ్చును. విచారణఖైదీ జైలునుండియే అభ్యర్థిగా నిలువవచ్చును గాని తన ఓటు తాను వేసికొనజాలడు! ఈ నిషేధము చెల్లునని సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పినది. ఖైదీలందరిచేత ఓటు వేయించుటకు పోలీసు బలము చాలదనుట అందు చూపిన కారణములలో ఒకటి. ముందుజాగ్రత్త చట్టముల క్రింద నిర్బంధితులైనవారికి మాత్రము తపాలా ఓటు కలదు.

అమెరికాలో కొన్ని రాష్ట్రములు విడుదలైనవారిని కూడ దూరముంచినవి. ఫ్లోరిడాలో 2018లో ప్రజలు ఓటు వేసి మార్చువరకు అదియే స్థితి. మెయిన్, వెర్మాంట్ రాష్ట్రములలో ఖైదీలు జైలులోనుండియే ఓటు వేయుదురు.

మన చట్టము విడుదల తరువాత కూడ ఓటు తీసివేయు నేరములు కొన్ని కలవు. అవి ఎన్నికల నేరములు. ఓటుకు లంచమిచ్చినను పుచ్చుకొన్నను, మరియొకరి పేర దొంగ ఓటు వేసినను, శిక్షపడిన నాటినుండి 6 ఏండ్లు ఓటుండదు. జైలుకు పోక జరిమానాతో బయటపడినను ఇంతే. అనగా హంతకునికి తిరిగివచ్చిన ఓటు, ఓటును అమ్ముకొన్నవానికి రాదన్నమాట. ఎన్నికల సంఘము మాత్రము తగిన కారణములు వ్రాసి ఈ అనర్హతను తొలగింపవచ్చును.

పోటీచేయు హక్కు వేరు. శాసనసభకు, పార్లమెంటుకు నిలువగోరువానికి 2 ఏండ్లు లేక అంతకుమించిన శిక్షపడినచో విడుదలైన పిదప మరి 6 ఏండ్లు అర్హత యుండదు. రచ్చబండ మాట బహుశః ఈ రెంటిని కలగాపులగము చేయుటవలన పుట్టియుండును.

మీ వార్డులో జైలునుండి తిరిగివచ్చినవారున్నచో జాబితాలో వారి పేరు చూడుడు. లేనిచో 6వ నమూనా ఫారము నింపి బూత్‌స్థాయి అధికారికి అందజేయింపుడు. చదువురానివారికి ఆ ఫారము మీరే నింపి పెట్టవచ్చును.