నిండు గిన్నె ముందు ఆకలి

బన్సీలాల్‌పేట్ గల్లీలలో పిల్లిని సాకే ఇళ్లు చాలానే ఉన్నాయి. దాని ఒంట్లో తేడా వస్తే ముందుగా కనిపెట్టేది పిల్లలే. ‘బిల్లీ పెదవి వాచింది, చొంగ కారుస్తోంది’ అని వాళ్లు దిగులుపడితే, ‘ఎలుక కరిచి ఉంటుందిలే’ అని పెద్దలు తోసిపుచ్చుతుంటారు. పై పెదవి మీద లేచే ఒక రకం పుండును ఒకప్పుడు వైద్యులు కూడా ఎలుక కాటు వల్లనే అనుకునేవారు. అది నిజం కాదు. బొచ్చులో చేరే పురుగుల కాటు, పడని తిండి దానికి తరచు కారణమవుతాయి.

పెరిగిన పిల్లికి 30 పళ్లుంటాయి. మూడు నుంచి ఆరు నెలల వయసులో పాలపళ్లు రాలడం సహజం. ఎర్ర పిల్లుల పెదవులపై చదునైన నల్లమచ్చలు కూడా సాధారణంగా జబ్బు కాదు. అయితే చిగుళ్లు ఎర్రగా ఉబ్బినా, పాలిపోయినా, పసుపు పచ్చబడినా, నోరు కంపు కొట్టినా ఉపేక్షించరాదు. ముసలి పిల్లి నాలుక కింద గడ్డ కనిపిస్తే అది క్యాన్సర్ కూడా కావచ్చు.

సొంత వైద్యం మరీ ప్రమాదం. మనం వేసుకునే పారాసిటమాల్ బిళ్ల పిల్లి ప్రాణం తీస్తుంది. లవంగ నూనె కూడా దానికి విషమే. సంక్రాంతి రోజుల్లో మాంజా దారం నాలుకకు చుట్టుకుని కనిపిస్తే లాగకండి, లోపల పేగులు కోసుకుపోతాయి.

మరో జాగ్రత్త. చొంగతోపాటు పిల్లి తీరు మారినా, దాన్ని కుక్క కరిచి ఉన్నా నోట్లో చేయి పెట్టవద్దు. అది రేబిస్ కావచ్చు. కరిచినా, గీరినా ఆ చోటును 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, అదే రోజు ఆసుపత్రిలో టీకా వేయించుకోవాలి.

వుజూ నీటిని తాగవచ్చిన పిల్లికి హజ్రత్ అబూ ఖతాదా (రజి) పాత్రను వంచి పట్టారని, అది అపవిత్రం కాదని, మన మధ్య తిరుగాడే ప్రాణి అని దైవప్రవక్త (స) సెలవిచ్చారని హదీసు తెలుపుతోంది. పిల్లిని బంధించి, తిండి పెట్టక చంపిన స్త్రీ నరకం పాలైందన్న హదీసు కూడా మనకు తెలిసిందే. మనం గిన్నె నింపి పెట్టామని తృప్తిపడతాం. కాని నోటి నొప్పితో గిన్నె దాకా వచ్చి, వాసన చూసి వెనుదిరిగే పిల్లి కూడా పస్తున్నట్టే. రెండు మూడు రోజులు తినకపోతే దాని కాలేయం దెబ్బతినవచ్చు.

కనుక ఒక్క పూట తినకపోయినా గమనించండి. మర్నాటికీ ముట్టకపోతే నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకో, దగ్గరలోని పశువైద్యుని వద్దకో తీసుకెళ్లండి. పిల్లలు దిగులుగా వచ్చి చెప్పినప్పుడు కసరకండి. నోరులేని జీవి బాధను విన్నవారు వాళ్లే.