ఎవరి మాటకు ఎంత బలం: నిపుణుల సాక్ష్యంపై అపోహలు – వాస్తవాలు

శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. తుర్కపల్లి వైపు వెళితే జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు. చట్టం చదివినవాళ్లూ శాస్త్రం చదివినవాళ్లూ ఇంత దగ్గర్లో ఉన్నా, ఇక్కడి నుంచి మేడ్చల్ దాకా భూమి తగాదాల్లో, ఆస్పత్రి గొడవల్లో కొన్ని నమ్మకాలు చెక్కుచెదరలేదు. వాటి వల్ల నష్టపోయేది మామూలు మనుషులే.

అపోహ: ఎక్స్‌పర్ట్ రిపోర్టు వచ్చిందంటే తీర్పు వచ్చినట్టే.

వాస్తవం: 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 39వ సెక్షన్ (పాత చట్టంలో 45) నిపుణుడి అభిప్రాయాన్ని పరిశీలించవచ్చంటుంది, అంతే. జడ్జి దాన్ని ఒప్పుకుతీరాలని ఎక్కడా లేదు. హిమాచల్‌లో ఆపిల్ తోటల దిగుబడిని లెక్కగట్టిన ఉద్యానశాఖ అధికారి మాటను 1999లో సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. పదవి ఉంటే చాలదు, ఆ విషయంలోనే ప్రత్యేక అధ్యయనమో అనుభవమో ఉండాలి, ఆ అభిప్రాయానికి ఎలా వచ్చారో కారణాలు చూపాలి అంది.

అపోహ: సాదా బైనామా (రిజిస్టర్ చేయని తెల్లకాగితపు అమ్మకం పత్రం) మీద సంతకం ఎవరిదో చేతిరాత నిపుణుడే తేల్చాలి.

వాస్తవం: వేలిముద్రల శాస్త్రమంత కచ్చితమైనది కాదు చేతిరాత శాస్త్రం. మురారీలాల్ కేసులో 1980లోనే సుప్రీంకోర్టు ఈ తేడా చెప్పింది. పోల్చడానికి అదే కాలం నాటి, తగాదా లేని సంతకాలు దొరక్కపోతే నిపుణుడైనా గట్టిగా చెప్పలేడు. మరోపక్క, సంతకం ఎవరిదంటున్నారో ఆ మనిషి రాస్తుండగా చూసి ఆ రాత బాగా ఎరిగిన వాళ్లెవరైనా సాక్ష్యం చెప్పవచ్చు. జడ్జి కూడా స్వయంగా పోల్చి చూడవచ్చు.

అపోహ: మరో డాక్టరు వచ్చి చెబితే తప్ప వైద్య నిర్లక్ష్యం గురించి రోగి తరఫువాళ్లు నోరెత్తకూడదు.

వాస్తవం: ఈ నమ్మకం హైదరాబాద్‌లోనే ఒక కుటుంబాన్ని ఏళ్ల తరబడి తిప్పింది. 2002 జూలైలో ఒకాయన చలిజ్వరంతో ఉన్న భార్యను ఆస్పత్రిలో చేర్చారు. ఆయన ఉద్యోగం మలేరియా విభాగంలోనే. అక్కడ టైఫాయిడ్‌కు వైద్యం చేశారు. పరిస్థితి విషమించాక ఇంకో ఆస్పత్రికి మార్చినా ఆమె బతకలేదు. అక్కడి రికార్డు మలేరియా అని చెప్పింది. తాను మలేరియాకు చికిత్స చేయలేదని మొదటి ఆస్పత్రి డాక్టరే అంగీకరించారు. జిల్లా వినియోగదారుల ఫోరం 2 లక్షల పరిహారం ఇప్పించింది. నిపుణుడి సాక్ష్యం లేదన్న కారణంతో రాష్ట్ర కమిషన్ దాన్ని కొట్టేసింది, జాతీయ కమిషన్ సరేనంది. 2010 మార్చి 8న సుప్రీంకోర్టు జిల్లా ఫోరం ఆదేశాన్నే నిలబెట్టింది. చిక్కుముడి ఉన్న వైద్య విషయమైతే నిపుణుడు కావాలి, రికార్డులే విషయం చెబుతున్నప్పుడు అక్కర్లేదు. ఈ అయోమయానికి ఒక మూలం ఉంది: డాక్టరు మీద క్రిమినల్ కేసు పెట్టాలంటే సమర్థుడైన మరో డాక్టరు అభిప్రాయం ఉండాలని 2005లో జేకబ్ మాథ్యూ తీర్పు అంది. దాన్ని వినియోగదారుల కేసులన్నిటికీ అంటగట్టారు. భార్య కళ్లముందే వణికిపోతుంటే చూసిన మనిషికి ఆ మాట చెప్పే హక్కు లేదనడం నా దృష్టిలో అన్యాయం. వణుకు చూశానని చెప్పడానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు. ఆ వణుక్కి కారణం ఫలానా జబ్బు అనడానికే ఆధారం చూపాలి.

అపోహ: "పెద్ద డాక్టరే నాతో అన్నాడు" అంటే అదీ సాక్ష్యమే.

వాస్తవం: కాదు. సాక్ష్య అధినియం 55వ సెక్షన్ ప్రకారం అభిప్రాయాన్ని ఆ అభిప్రాయం ఉన్న మనిషే బోనెక్కి చెప్పాలి, ఎదుటి లాయరు ప్రశ్నలకు నిలబడాలి. ప్రభుత్వ ఫోరెన్సిక్ నిపుణుల్లో కొందరికి మాత్రం క్రిమినల్ కేసుల్లో మినహాయింపు ఉంది. క్రిమినల్ విచారణ విధానాన్ని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 329వ సెక్షన్ కింద వాళ్ల రిపోర్టును మనిషి రాకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చు. అనుమానం ఉంటే వాళ్లను కూడా పిలిపించి ప్రశ్నించమని కోర్టును అడగవచ్చు.